ఆఫ్రికా సారు చిటికె

సారు పోయిండన్న ముచ్చట నాకు పెండ్లి బంతిల తెలిసింది. మోర్తాడ్ల మా చుట్టాల పెండ్లి. పక్క విస్తరి కాడ కూసున్నామె అన్నంల పప్పు కలుపుకుంట, "అవునక్కా, మీ ఆర్మూర్ బల్లె ఇంగ్లీషు చెప్పిన గా ఆఫ్రికా సారు లేడా, పోయిండట గద" అన్నది. అని, వడ్డించేటాయనను పిలిచి జర చారు పొయ్యమన్నది. నాకు ఏడ్పొచ్చింది. మీదికెల్లి గా 'ఆఫ్రికా సారు' అన్న మాట చెవుల వడేవరకు నవ్వు గూడ వచ్చింది. ఏడ్పు, నవ్వు రెండు ఒక్కసారే వస్తే విస్తరి ముంగట కూసున్న మనిషి ఏం చేస్తది? లేచి చెయ్యి కడుక్కున్న.

ఆఫ్రికా సారు అంటే ఆఫ్రికా చూసొచ్చిండు అనుకునేరు. ఆయన చూసిన దూరదేశం హైదరాబాదు. అది గూడ టెన్త్ పేపర్లు దిద్దే డ్యూటీ పడితే పోయి చూసిండు. గట్ల పోయినప్పుడే ఒక ఐతారం ఆబిడ్స్‌ల ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన పుస్తకం ఒకటి కొన్నడు. ఇంగ్లీషు గ్రామర్ అనుకొని కొన్నడట. ఇంటికొచ్చే బస్సుల తెరిచి చూస్తే, రాసింది ఇంగ్లీషులనే గని నేర్పేది ఇంగ్లీషు గాదు. దక్షిణాఫ్రికల మాట్లాడే ఆఫ్రికాన్స్ అన్న భాష. ఇంకొకడైతే కిటికీలకెల్లి పారేస్తుండె. మా సారు ఆర్మూర్ల దిగేవరకు మొదటి పాఠం చదివి ఒడగొట్టిండు.

నేను గప్పుడు అదే బల్లె తెలుగు పండితురాలిని. క్లాసుల పుస్తకం భాష చెప్తుంటి, బయటికొస్తే మా అవ్వ భాష మాట్లాడుతుంటి. గిది మా అవ్వ భాషల్నే రాస్తున్న. ఎందుకంటే సారు నన్ను ఊకె గదే అడిగేటోడు: "పంతులమ్మా, నువ్వు చెప్పే గా తెలుగుల నువ్వు ఎన్నడన్న ఎవల్నన్న తిట్టినవా?" ఆయన మీద రాసేది పుస్తకం భాషల రాస్తే పైకెల్లి నవ్వుతడు.

హైదరాబాదుకెల్లి వచ్చిన తెల్లారి స్టాఫ్‌రూంల చొచ్చుడు చొచ్చుడే, "పంతులమ్మా, దొరికింది" అన్నడు.

"ఏం దొరికింది సార్, నా గొడుగా?" అన్న. గా ఎండకాలం నా గొడుగు తీస్కపోయి ఎక్కడనో పెట్టి మరిచిండు, గందుకు.

"గొడుగు గాదు. మన అసొంటి భాష దొరికింది. ఇంగ్లీషోడు క్రియను నడుమల్నే చెప్పి అవుతల పడేస్తడు. గీల్లు మన లెక్కనే ఆఖరుదాక దాసిపెడ్తరు" అని చెప్పవట్టిండు. ఆయన సంబురం చూసి నేను దిద్దుతున్న కాపీలు పక్కకు పెట్టిన. "పసుపు ఉడకవెట్టిన కడాయి ఇద్దరు ఎట్ల లేపుతరు? ముంగట ఒకడు, ఎనుక ఒకడు, బరువంత నడుమ. గీ భాషల గట్లనే. చిన్న క్రియ ముంగట నిలవడ్తది, పెద్ద క్రియ ఆఖర్న నిలవడ్తది. ఎవలు, ఏంది, ఎక్కడ, ఎప్పుడు, అన్ని నడుమ ఊగుతయి." చెప్పుడే గాదు, రెండు చేతులు చాపి కడాయి మోసినట్టు చేసుకుంట స్టాఫ్‌రూంల ఈ గోడకెల్లి ఆ గోడ దాక నడిచిండు. చాయ్ గ్లాసులు తెస్తున్న అటెండరు ఎదురొస్తే, "ఆగు, ఆగు, క్రియ పోతున్నది" అన్నడు. గా పొద్దుకెల్లి ఆయనకు ఆఫ్రికా సారు అన్న పేరు వడ్డది.

చూసెటందుకు ఏమంత ఉండేటోడు గాదు. సన్నగ, పొడుగ్గ, చెవి మీద సుద్దముక్క. కట్టెపని చేసే వడ్లోల్లు పెన్సిలు వెట్టుకుంటరు సూడుండ్రి, గట్ల. వేళ్ల కొసలు ఎప్పుడు పసుపు పచ్చగ ఉండేటియి. ఇంట్ల పసుపు పంట, ఎంత కడిగినా పోదు. నల్లబల్ల మీద రాస్తుంటే తెల్ల సుద్ద, పచ్చ వేళ్లు. నడిచేటప్పుడు పెదవులు ఆడుతనే ఉండేటియి. గుట్ట దిక్కు నల్లరాళ్ల నడుమ పొద్దుగాల తిరుగుకుంట గట్టిగ మాట్లాడుతుంటే మేకలు కాసేటామె, "పాపం సారుకు ఏందో అయ్యింది" అని నాకొచ్చి చెప్పింది. "ఏం కాలేదవ్వా, భాష నేర్చుకుంటున్నడు" అంటే ఇంక పరేషాన్ అయ్యింది.

ఎందుకు సార్ గీ లొల్లి, ఎవలతోని మాట్లాడుతరు, అని ఒకసారి నేనే అడిగిన. గప్పుడు మాత్రం నవ్వలే. "పంతులమ్మా, ఇన్నేండ్ల సంది ఇంగ్లీషు చెప్తున్న. రోజూ భయమే. ఇన్స్‌పెక్షన్‌కు వచ్చినోడు నవ్వుతడా, కాన్వెంటుల చదివిన పోరడు నవ్వుతడా అని. గీ భాషల నేను తప్పు మాట్లాడితే నవ్వెటోడు ఈ జిల్లాల్నే లేడు. గింత హాయి నాకు ఏ భాషల లేదు" అన్నడు. చెవి మీది సుద్దముక్క సర్దుకొని, "గని నవ్వెటోడు లేడంటే, జవాబు చెప్పెటోడు గూడ లేడు" అన్నడు. గా రెండో మాట ఆయనకు తెల్వకుంటనే నోట్లకెల్లి వచ్చింది.

ఇగ కర్మణి ప్రయోగం కాడ మా ఇద్దరికి రోజూ పంచాయితే. నేను క్లాసుల 'రామునిచేత రావణుడు చంపబడెను' అని చెప్తుంటే, పక్క క్లాసుల అదే పాఠం ఇంగ్లీషుల ఆయన చెప్తుండె. గంట కొట్టంగనే వచ్చి నన్ను పట్టుకునేటోడు. "నిజం చెప్పు, ఇంట్ల ఎన్నడన్న 'అన్నం నా చేత వండబడినది' అన్నవా?"

"అంటే మా ఆయన నన్ను దవాఖానకు తీస్కపోతడు సార్."

"సూశినవా మల్ల! మన తెలుగుల గది పరీక్షలకే. గా భాషల ఇంట్ల, వాకిట్ల, సంతల, అన్ని జాగలల్ల అంటరు. చేసినోని పేరే అక్కరలేదు. ఆడుతున్నరు అన్నదానికి 'అక్కడ ఆడబడుతున్నది' అంటరట. ఎవలు ఆడుతున్నరో ఎవలకు గావాలె? ఆట ఉంది, చాలు."

గది ఆయనకు ఎంత పాణం అయ్యిందంటే తెలుగుల గూడ గట్లనే మాట్లాడవట్టిండు. "పంతులమ్మా, నీ గొడుగు నా చేత బస్సుల మరవబడింది" అన్నడు, ఒక ఏడాది తరువాత. ఒకనాడు హెడ్మాస్టరు రూం కిటికీ అద్దం బంతి తాకి పలిగింది. సారు గక్కడనే నిలవడ్డడు. హెడ్మాస్టరు ఉరికొచ్చి "ఎవడు? ఎవడు పలగ్గొట్టిండు?" అని అరుస్తుంటే, సారు నిమ్మలంగ, "అద్దం పలగ్గొట్టబడింది సార్" అన్నడు.

"ఎవనిచేత?"

"గీ వాక్యంల కర్త అక్కరలేదు సార్."

"నువ్వు కండ్లార చూసినవు గదయ్యా!"

"చూడబడింది సార్" అన్నడు.

మేము కొంగులు నోట్ల కుక్కుకున్నం. తెల్లారి ఆయనే అద్దం తెచ్చి బిగిపిచ్చిండు. నేను పక్కకు పిలిచి, పోరగాండ్లను గింత ఎనకేసుకొస్తే ఖరాబైతరు సార్, అన్న. "పెద్దోల్లు గూడ గిదే వాడుతరు పంతులమ్మా. 'బదిలీ చేయడమైనది' అని కాయితం వస్తది, ఎవడు చేసిండో ఉండది. వాల్లు దాసుకునేటందుకు వాడుతరు. నేను ఒక పోరన్ని కాపాడేటందుకు వాడిన" అన్నడు.  

ఆయనను నిజంగ నొప్పిచ్చింది మా సోషల్ సారు ఒక్కడే. ఎనభైల పేపర్లు నిండ గా దేశం ముచ్చట్లే. నల్లోల్లను కాల్చిన్రని, జైల్ల వేసిన్రని. సోషల్ సారు పేపరు బల్ల మీద కొట్టి, "నువ్వు నేర్చుకునేది దొరల భాష. బల్లె పిల్లల నోర్లల్ల బలవంతంగ కుక్కిన భాష. సిగ్గు లేదా?" అన్నడు. 

సారు చేతుల పుస్తకం మూసి బల్ల మీద వెట్టిండు. వెట్టి, చెప్పిండు. "మా బాపు నిజాం జమానల ఉర్దూ బల్లె చదివిండు. ఇంట్ల తెలుగు, బల్లె ఉర్దూ. మాట రాకుంటే వేళ్ల మీద బెత్తం. ఒక వేలు సచ్చేదాక వంకరనే ఉండె. గని నన్ను ముద్దు చేసినప్పుడు గా ఉర్దూలనే చేసేటోడు. 'ఖుష్ రహో బేటా' అని. గా 'ఖ' గొంతుల అడుక్కెల్లి వచ్చేది. గది మా బాపుకే వచ్చేది, నాకు ఎంత చేసినా రాదు. బెత్తం వేరే, మాట వేరే సార్."

"గా మాట దెబ్బలు తిన్నోడు అనాలె" అన్నడు సోషల్ సారు. "నువ్వు తినలే."

సారు తల ఊపిండు. "అవు, నేను తినలే" అన్నడు. గంతే, ఇంక వాదన వెట్టుకోలే. గని గా మాట ఆయన మనసుల పడ్డది. పుస్తకం మాత్రం ఇడవలే.

సారు ఇల్లు ఆర్మూర్ పక్కన పెర్కిట్ల. సారు ఇల్లు అంటున్న గని ఇల్లు, చేను, పసుపు అంత అక్కదే. సారు భార్యను నేను అక్క అనేదాన్ని. దుబ్బు తవ్విచ్చుడు, కొమ్ములు ఇరిచి కడాయిల ఉడకవెట్టుడు, ఎండపోసుడు, అన్ని ఆమెనే. సారు కట్టెలు అందిచ్చేటోడు, గది గూడ అడిగితేనే. పసుపు ఎండిందా లేదా అక్క ఎట్ల చూసేదంటే, ఒక కొమ్ము తీసి చెవి కాడ పెట్టుకొని విరిచేది. టక్కుమంటే ఎండినట్టు. మెత్తగ సప్పుడొస్తే ఇంక ఎండల ఉండాలె. బేరానికి వచ్చిన సేట్లు గూడ అంతే, కండ్లతోని చూసుడు తక్కువ, చెవి కాడ విరుసుడే. పసుపును చెవితోని కొంటరు మా దిక్కు. ప్రతి ఏడు కొత్త పసుపు దంచినంక అక్క నన్ను పిలిచి, బొట్టు వెట్టి, ఒక సంచి నిండ పసుపు కొంగుల వెట్టేది. ఆ పసుపు తోని మా ఇంట్ల ఏడాదంత వెల్లేది.

ఒక పసుపు కాలం నేను పోయేవరకు వాకిట్ల కడాయి కాగుతున్నది, పొగ. సారు కట్టెల మోపు మీద కూసొని, "పంతులమ్మా, ఇను, నా ఇల్లు మొత్తం ఒక్క వాక్యంల పెట్టిన" అన్నడు. అని, "డీ..." అన్నడు, చిటికె వేసిండు, "వర్డ్ డ్యూర్ మై వ్రౌ గెకూక్" అన్నడు.

"ఏందది సార్?"

"పసుపు నా భార్య చేత ఉడకవెట్టబడుతున్నది."

"నడుమ గా చిటికె ఏంది?"

ఆయన మొఖం చిన్నగయ్యింది. "గది పసుపు. గా మాట నాకు తెల్వదు. పుస్తకంల గోధుమలున్నయి, గొర్లున్నయి, ద్రాక్షతోటలున్నయి. పసుపు లేదు. నిజామాబాద్ లైబ్రరీల అడిగిన, డిక్షనరీ లేదు. హైదరాబాద్‌ల అడిగిన, లేదు. పసుపు లేని భాషల నేను ఎక్కడ ఉంటనమ్మా? ఒక్కసారి ఎవలన్న గా మాట చెప్పాలె. రాసింది వద్దు, మనిషి నోట్లకెల్లి ఇనాలె. గంతే నాకు కావాల్సింది."

"ఏదో ఒకటి పెట్టుకోరాదు, టర్మరిక్ అని" అన్న.

"అరువు మాట తోని ఇల్లు కడ్తరా?" అన్నడు.

అక్క కడాయిల కట్టె వెట్టి కలుపుకుంట, "చేత గీత ఏందయ్యా, నేను ఉడకవెడ్తున్న అంటే అయిపాయె. గా చిటికెలు ఏసే బదులు కట్టెలన్న ఇయ్యి" అన్నది. సారు లేచి కట్టెలిచ్చిండు. గా చిటికె మాత్రం ఏండ్లకేండ్లు నడిచింది. బల్లె, బస్టాండ్ల, చాయ్ హోటల్ల, ఆయన ఊకె వేసేటోడు. పోరగాండ్లు గూడ నేర్చుకున్నరు. ఒక మాట యాదికి రాకుంటే ఆర్మూర్ల సగంమంది పిల్లలు చిటికె వేసేటోల్లు.

తొంభైల నడుమ, గా దేశంల సర్కారు మారినంక, ఒకనాడు పసుపు అడ్తి దుకానం సేటు మనిషిని బల్లెకు తోలిండు. బయటి దేశం నుంచి పసుపు కొనేటాయన వచ్చిండు, ఇంగ్లీషే మాట్లాడుతడు, సారును పంపుండ్రి అని. ఏ దేశం అని సారు ఊరికనే అడిగిండు. "సౌతాఫ్రికా అంట సార్" అన్నడు వాడు.

సారు చేతుల సుద్దముక్క కింద పడ్డది. నా దిక్కు చూసి, "పంతులమ్మా, నువ్వు గూడ రా" అన్నడు. ఇంటికి పోయి ఇస్త్రీ అంగీ తొడుక్కొనొచ్చిండు. తొవ్వ పొడుగూత పెదవులు ఆడుతనే ఉన్నయి. పెండ్లిచూపులకు పోతున్న పిలగాని లెక్క ఉన్నడు, నాకు ఆయన మీద జాలి, భయం రెండు వేసినయి. ఆయన మాట్లాడే భాష అసలు భాషేనా కాదా, ఎవలకు తెలుసు? ఇన్నేండ్ల సంది ఒక్కడు విరిచి చూసినోడు లేడాయె.

అడ్తిల పసుపు రాశుల నడుమ కుర్చీల కూసున్నాయనను చూస్తే తెల్లోడు గాదు. మనోని లెక్కనే ఉన్నడు, నలుపు, బట్టతల, నా ఈడు మనిషి. ముత్తాత జమానల చెరుకు తోటలల్ల పనికి ఓడల తీస్కపోయిన తెలుగోల్ల వంశమట. ఆయనకొచ్చే తెలుగు మూడు మాటలు: అమ్మ, అన్నం, దండం. సారు దండం వెట్టిండు. కూసోలే. నిలవడ్డ కాడనే, చిటికెతోని సహా వాక్యం మొత్తం అప్పజెప్పిండు.

వచ్చినాయన మొఖంల నవ్వు మాయమయ్యింది. ఎవలో ఎనుకకెల్లి పిలిచినట్టు బిగుసుకపోయిండు. ఇంగ్లీషుల, మర్యాదగనే అన్నడు, సారు నాకు తరువాత చెప్పిండు: "గా భాష మా బల్లె మా నోట్ల కుక్కిన్రు. అది పాసయితేనే పై క్లాసు. రానోల్లకు బెత్తం. దేశం మారిన పొద్దే దాన్ని ఇడిచిపెట్టిన. గది వినేటందుకు నేను గింత దూరం రాలే."

సారు చిటికె వేసిన చెయ్యి గట్లనే గాలిల ఉండిపోయింది. సోషల్ సారు అన్న మాటే, అక్షరం పోకుంట ఎదురొచ్చి నిలవడ్డది. నాకైతే సారు చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోవాలనిపించింది. ఆయన మెల్లగ చెయ్యి దించి, "మాఫ్ చెయ్యుండ్రి, నాకు తెల్వదు" అన్నడు. తరువాత వాళ్ల బాపు వంకర వేలు ముచ్చట చెప్పిండు. బెత్తం వేరే, మాట వేరే అన్నది మాత్రం చెప్పలే. గా మాట అనే హక్కు తనకు లేదని ఊకున్నడు. బేరం ముచ్చట్లన్ని సక్కగ ఇంగ్లీషుల చెప్పిండు, ఒక్క చిటికె వెయ్యలే. పని అయినంక, "మా ఇంట్ల అన్నం తిని పోవాలె" అన్నడు. అన్నం అన్న మాట ఆయనకు సమజయ్యింది.

పెర్కిట్ల వాకిట్ల ఒక దిక్కు కడాయి కాగుతున్నది, ఒక దిక్కు ఎండిన పసుపు కుప్ప. అక్కకు ఆఫ్రికా ఏంది, అమెరికా ఏంది? బేరగాడు వచ్చిండు అనుకున్నది. కుప్పల కెల్లి ఒక కొమ్ము తీసి, సక్కగ ఆయన కాడికి పోయి, ఆయన చెవి కాడ పెట్టి టక్కున విరిచింది.

ఆయన ఉలిక్కిపడ్డడు. ఉలిక్కిపడి, నవ్విండు. ఇంకో కొమ్ము తనే తీసుకొని, తన చెవి కాడ తనే విరుసుకున్నడు. వాళ్ల నానమ్మ గక్కడ కిరాణం దుకానం నడిపేదట. పసుపు మూట రాంగనే గిట్లనే చెవి కాడ విరిచేదట. ఎందుకు గట్ల చేసేదో ఆయనకు గీ పొద్దుదాక తెల్వదు, నానమ్మ అలవాటు అనుకున్నడు. చుట్టుపక్కల ఇండ్లల్ల వంట చేసే, గా భాషే మాట్లాడే ఆడోల్లు వచ్చి గల్లా ముంగట నిలవడి పసుపు అడిగేటోల్లట. చిన్నప్పుడు ఈయనే పొట్లం కట్టి ఇచ్చేటోడట. ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట విరిగిన కొమ్మును వాసన చూసి, ఎవల్ని చూడకుండ, తనకు తనే అన్నట్టు అన్నడు:

"బొరి."

సారు పీట మీదికెల్లి లేచిండు. "ఏమన్నరు?"

"బొరి" అన్నడు ఆయన, కొమ్ము చూపెట్టి. "దుకానంల వాల్లు గట్ల అడిగేటోల్లు. గిది బల్లె నేర్పిన మాట గాదు. నానమ్మ దుకానంది."

 సారు అడగాల్నా వద్దా అని ఆయన మొఖం దిక్కు చూస్తున్నడు. ఆయనే సారు చెయ్యి చూసి, తన వేళ్లతోని చిటికె వేసి, చెప్పు అన్నట్టు తల ఊపిండు. సారు మొదలువెట్టిండు, "డీ బొరి వర్డ్..." ఆయన ఆపి, "వొర్ట్" అన్నడు. ఆఖరు మాట కాడ మల్ల ఆపిండు. గెకూక్ గాదట, ఖెకూక్ అట. నాకు ఇనవడ్డట్టు రాస్తున్న. గా 'ఖ' ఆయన గొంతుల అడుక్కెల్లి, గరగర వచ్చింది.

"పంతులమ్మా, గిది మా బాపు ఖ!" అని సారు అరిచిండు. "మా బాపు ఖ గక్కడున్నది!" ఆ పెద్దమనిషి ముంగటనే, కట్టెల మోపు మీద కూలవడి పిల్లగాని లెక్క ఏడ్సిండు. వచ్చినాయన గూడ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. అక్క ఇద్దర్ని చూసి, "పొగకు కూసోవద్దంటే ఇనరు" అని ఇద్దరికి నీళ్లు తెచ్చిచ్చింది.

గా తరువాత సారు చిటికె వెయ్యలే. జవాబు దొరికినోనికి చిటికెలెందుకు? గని ఇంట్ల బొరి గోల మొదలయ్యింది. "బొరి ఎండిందా? బొరి మీద తాటిపత్రి కప్పినవా? మబ్బువట్టింది, బొరి తడుస్తది." అక్క నాకు మొర వెట్టుకునేది, "మీ సారు బొరి పాడుగాను, మొన్న కూలోల్ల ముంగట గూడ అన్నడు చెల్లె, వాల్లు గూడ బొరి అనవట్టిన్రు." తిడుతుండె గని, నవ్వు దాసుకోలేకపోతుండె.

సారు దినాలయినంక పెర్కిటుకు పోయిన. వాకిలంత చుట్టాలు. అక్క నుదురు బోసిగ ఉన్నది. చూసి తట్టుకోలేక పోయిన. ఇద్దరం పట్టుకొని ఏడ్చినం. తరువాత సారు ముచ్చట్లే చెప్పుకున్నం, గొడుగు, అద్దం, చిటికె, అన్ని. నేను లేచి పోయొస్త అక్కా, అన్న. అలవాటు మీద అక్క గూడ లేచింది. లోపలికి పోయి సంచి పట్టుకొచ్చింది. కొత్త పసుపు, సారు ఉన్నప్పుడు దంచిందే.

గడపల కూసున్న సారు తోడవుట్టిన పెద్దామె చెయ్యి అడ్డం వెట్టింది. "వద్దే, వద్దు. ముత్తైదువకు నీ చేత్తోని పసుపు ఇయ్యరాదు. నీకు తెల్వదా? నీ కోడలు ఇస్తది, గా సంచి ఇటియ్యి."

వాకిట్ల అందరు ఇటే చూస్తున్నరు. ఎన్నేండ్ల సంది పసుపు పండిచ్చిన చేతులు, ఉడకవెట్టిన చేతులు. నాకు కోపం కట్టలు తెంచుకున్నది. పెద్దామెను ఏమనాల్నో నోటిదాక వచ్చింది. అక్క నా దిక్కు చూసి వద్దన్నట్టు తల ఊపింది. సంచిలకెల్లి ఒక కొమ్ము తీసింది, నా చెవి కాడ పెట్టి టక్కున విరిచింది. విరిచిన ముక్కలు సంచిల ఏసి, సంచి నా కొంగుల పెట్టింది.

"గిది పసుపు గాదు వదినె" అన్నది పెద్దామె తోని. "బొరి. మీ తమ్ముడు పేరు వెట్టిండు. బొరి ఇయ్యద్దని ఎక్కడ లేదు."

పెద్దామె అడ్డం వెట్టిన చెయ్యి దించింది. నేను కొంగు ముడి వేసుకొని, బస్టాండు దిక్కు నడిచిన.